ఉత్తరపు గోడ

చెల్లెలు పెరట్లో మసిగిన్నెను రుద్దుతుండగా అన్న ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఊళ్లో పేరున్న తాపీమేస్త్రి అతడు. దొరలు కట్టించిన పాత కోర్టును పాటలకూ నాటకాలకూ కళాభవనంగా మారుస్తున్నారు. ఆ గోడలకు అతడు వేసిన సిమెంటు పూత రెండోసారి కూడా పెచ్చులుగా ఊడిపోయింది.

"అవి సున్నంతో కట్టిన గోడలు అన్నయ్యా. లోపలి చెమ్మ బయటికి రావాలి. సిమెంటు పూస్తే ఊపిరాడదు," అంది చెల్లెలు.

"గోడకి ముక్కెక్కడుందే? తట్టలు మోసేదానివి, నాకు పాఠాలా?"

"వింటే అరిగిపోతారా? మీ సిమెంటు నిలిచి ఏడ్చిందా ఏమిటి!" అంది వదిన లోపలి నుంచి.

ఆ పనుల్లో తాపీ పట్టేది మగవాళ్లే. కానీ తండ్రి తన సున్నం పని కూతురికే నేర్పి పోయాడు. కొడుక్కి అంత ఓపిక లేకపోయింది.

మర్నాడు ఆమె నేరుగా కోర్టు పని చేయిస్తున్న ఇంజినీరు దగ్గరికి వెళ్లింది.

"ఒక్క గోడ ఇవ్వండి సార్. వానల్లో పెచ్చు లేస్తే మళ్లీ తట్టే మోస్తాను, నోరెత్తను. నిలిస్తే హాలంతా నాకివ్వాలి."

ఆయన నవ్వి, అన్నిటికంటే చెమ్మ ఎక్కువున్న ఉత్తరపు గోడ చూపించాడు.

ఆమె పాత సిమెంటు చెక్కేసి, నానిన సున్నాన్ని ఇసుకతో మెత్తగా నూరి, పలచగా పొర మీద పొర వేసింది. ప్రతి పొరా ఆరేదాకా ఆగింది.

"గోడకి జోలపాట కూడా పాడమ్మాయ్!" అన్నాడొక కూలీ.

"పాడితే ముందు నువ్వు నిద్రపోతావు బాబాయ్."

వాన పట్టి తొమ్మిది రోజులు వదల్లేదు. పదో రోజు ఇంజినీరు కర్రతో గోడలు తట్టి చూశాడు. అన్న మూడోసారి సిమెంటు పూసిన తూర్పు గోడ డొల్లగా మోగి, చాపంత పెచ్చు ఆయన బూట్ల మీదే పడింది. ఉత్తరపు గోడ మాత్రం చెక్కుచెదరలేదు. నిమిరితే అరచేతికి పొడైనా అంటలేదు.

"హాలు నీదే మేస్త్రీ!"

కూలీలు తట్టలు దించి చూశారు. మేస్త్రీ అన్న ఆ పిలుపుకి ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

సాయంత్రం అన్నతో చెప్పింది: "రేపు తూర్పు గోడ మొదలుపెడతాను. నీ చేతికున్న పనితనం ఇంకెవరికీ లేదు. సున్నం సంగతి నేను చూపిస్తాను, వస్తావా?"

అతడు చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయాడు.

తెల్లవారేసరికి గడప మీద కూర్చుని తాపీకి పట్టిన సిమెంటు గీకుతున్నాడు.

"దొరగారి ప్రయాణం ఎక్కడికో?" అంది వదిన, నవ్వు ఆపుకుంటూ.

అతడు తాపీని శుభ్రంగా తుడిచి, చెల్లెలి సున్నం బకెట్టు తనే ఎత్తుకుని, గుమ్మం దాటి కోర్టు దారి పట్టాడు.