గేరు రాడ్డుకు అడ్డం

"మోకాలు జరుపు" అన్నాడు ఉపేందర్.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో భర్త నోట గోపిక ఎక్కువగా విన్న మాటలు ఈ రెండే. జీపులో కిటికీ పక్క చోటు మామ యాదయ్యది, నడుమ గేరు రాడ్డు దగ్గర చోటు ఆమెది. రాడ్డు ముందుకు పోయిన ప్రతిసారీ మోకాలి చిప్పకు తగులుతుంది. తెల్లవారకముందే లేచి, దొడ్డి ఊడ్చి, గొర్రెలను ఒక్కొక్కదాన్నీ ఎత్తి ట్రాలీలోకి ఎక్కించి, నలుగురికీ సద్ది కట్టి వచ్చిన మనిషి ఎక్కడ సుఖంగా కాళ్ళు చాపుకుంటుందోనని అతని బెంగ కాబోలు.

నడిగూడెం నుంచి కోదాడ సంతకు పోతున్నారు. నాలుగు చక్రాలూ లాగే ఈ పాత డీజిల్ జీపును పోయినేడు, రెండువేల తొమ్మిదిలో, వేలంలో కొన్నారు.

"మిర్యాలగూడ స్టేషన్ల గూడ్స్ బండి ఆగిపోతె గీ జీపుతోనే గుంజిన. ఇరవై డబ్బాలు. గార్డు దండం పెట్టిండు" అన్నాడు యాదయ్య. పోయిన వారం అవి పదహారే. ఆయనకు డ్రైవింగే రాదు.

గోపికకు నవ్వు రాలేదు. వెనక ట్రాలీలో, గొర్రెల నడుమ ఏడేళ్ళ అనురాధ కూర్చుని ఉంది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటానని పొద్దున అడిగితే, "పిల్లలు దూకకుంట ఎవలన్న పట్టుకోవద్దా?" అన్నాడు ఉపేందర్. పిల్లలంటే గొర్రెపిల్లలు.

ముందు కాలువ కట్ట ఉంది. ఎక్కుడు సరే, రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. ఆమె భయమంతా దిగుడు దగ్గరే. ఏటవాలు తిన్నగా పోయి మలుపు తిరిగే చోట కాలువ నీళ్ళు నిండుగా ఉంటాయి. కట్ట మీదికి రాగానే న్యూట్రల్ చేయడం ఉపేందర్ అలవాటు. పోయిన వారం అలాగే చేస్తే ట్రాలీ వెనకనుంచి నెట్టింది, బ్రేకులు కాలిన వాసన వచ్చింది, ట్రాలీ చక్రం కట్ట అంచు మట్టిని రాల్చింది. మెకానిక్ దేవదాసు సూర్యాపేటలో ముందే చెప్పాడు: "ట్రాలీ కట్టినంక దిగుడుల రెండో గేరు తియ్యొద్దన్నా. ఇంజను పట్టుకోవాలె, బ్రేకు కాదు." ఆ మాట అతనికి చెప్పాడు. నట్లు విప్పే పానాలు అందిస్తూ నిలబడి విన్నది ఆమె. ఇంటికొచ్చి గుర్తుచేస్తే, "స్టీరింగ్ పట్టినోన్ని నేనా, నువ్వా? న్యూట్రల్ కొడితె డీజిల్ మిగులుతది" అన్నాడు.

కట్ట మీదికి వచ్చారు. రాడ్డు వెనక్కి, రెండో గేరులో ఉంది. న్యూట్రల్ కావాలంటే ముందుకు నెట్టాలి. ముందు ఆమె మోకాలుంది.

"జరుపు."

గోపిక మోకాలిని రాడ్డుకు ఆనించి బిగబట్టింది. అతను క్లచ్ తొక్కి నెట్టాడు. రాడ్డు కదలలేదు. బండి మాత్రం కదిలింది. వెనక బరువు ఒక్కసారిగా మీదికి వచ్చినట్టయింది. గొర్రెలు అరిచాయి. "అమ్మా" అని వినపడింది. నీళ్ళు దగ్గరయ్యాయి.

"క్లచ్ ఇడువు" అంది గోపిక. తన గొంతేనా అనిపించింది.

ఉపేందర్ వదిలాడు. జీపు కుదిపింది, ఇంజను గట్టిగా రొద పెట్టింది, బండి పట్టుకు వచ్చింది. మలుపును నడిచే మనిషిలా మెల్లగా తిరిగింది.

కింద రోడ్డెక్కాక, "బండి ఆపు" అంది. పూర్తిగా ఆగాకే మోకాలు తీసింది. సాయంత్రం మళ్ళీ ఇదే కట్ట.

"మామా, నువ్వు ట్రాలీల కూసో. పిల్లలు దూకుతయ్."

యాదయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు రోడ్డు వైపు చూశాడు. ముసలాయన దిగాడు. కాసేపటికి వెనకనుంచి, గూడ్స్ బండి డబ్బాలు ఇరవై నాలుగని గొర్రెలకు చెప్పడం వినపడింది.

అనురాధ కిటికీ పక్కన కూర్చుంది. మొదటి గేరుకు రాడ్డు ముందుకు పోవాలి. ఉపేందర్ దాని మీద చెయ్యి వేసి, మళ్ళీ అడ్డంగా ఉన్న గోపిక మోకాలి వైపు చూసి ఆగాడు.

గోపిక వెనక్కి తిరిగి ట్రాలీ కొక్కెం చూసింది, ముందు రోడ్డు చూసింది. అప్పుడు మోకాలు జరిపింది.