వాసన లేని బిళ్ళ

క్యారీ అనే అమెరికా ఊళ్ళో ఆంజనేయప్రసాద్ ఇంటికి సాయంత్రం ఆరింటికి ఎవరెళ్ళినా గుమ్మంలోనే రమ్ము వాసన తగిలేది. ఆయన తాగడు. దగ్గు మందు కూడా భయపడుతూ సగం మూతే తాగే మనిషి. ఆ వాసన ఆయన టోకెన్లది.

ఒకప్పుడు కరీబియన్ దీవుల్లో, ఆ పక్క దేశాల్లో తోటల దొరలు కూలీలకి డబ్బు బదులు ఇత్తడి బిళ్ళలు ఇచ్చేవారు. వాటి మీద తోట పేరు, దారానికి గుచ్చుకోవడానికి ఒక చిల్లు. ఆ తోట కొట్లో తప్ప ఇంకెక్కడా చెల్లేవి కావు. చిల్లర కరువైన ఊళ్ళలో వర్తకులు కూడా తమ పేరుతో కొట్టించుకునేవారు. ప్రసాద్ ఆఫీసు లేని రోజుల్లో పాత నాణేలు అమ్మే కాయిన్ షోల్లో తిరిగి అలాంటివి పోగేసి ఆల్బమ్‌లో పెట్టుకున్నారు. పొద్దు వాలగానే ప్రతి బిళ్ళా తను చెల్లిన కొట్టు వాసన వేసేది. ఒకటి రమ్ము, ఒకటి బెల్లప్పాకం, ఒకటి కిరసనాయిలు, ఒకటి ఎండుచేప. ఇంట్లో ఎవరికీ ఇదేమీ వింత కాదు. హైస్కూల్లో ఉన్న కూతురు అదితికి మాత్రం ఎండుచేప దగ్గర పేచీ.

"డాడీ, ఫ్రెండ్స్ వస్తున్నారు. ఫిష్‌ది గరాజ్‌లో పెట్టు, ప్లీజ్," అనేది.

వాటన్నిటిలోకీ ఒక్క బిళ్ళ మూగది. మసిపట్టి నల్లగా ఉండేది, ఏ వాసనా వేసేది కాదు. గయానా వైపు తోటదని, మద్రాసు ఓడల్లో మనవాళ్ళు కూలికి వెళ్ళింది అటేనని అమ్మినాయన చెప్పాడు. వాసన లేకపోయినా అరుదైన సరుకు. ప్రసాద్ ఏళ్ళ తరబడి కలవరిస్తున్న బార్బడోస్ బిళ్ళ ఒకటి షార్లెట్‌లో జార్జ్ అనే పెద్దాయన దగ్గర ఉంది. ఈ నల్లదిస్తే అదిస్తానన్నాడు. దీపావళి మర్నాడు, శనివారం, పక్కూరు రాలీ కాయిన్ షోలో మార్చుకుందామని మాట అయింది.

భార్య లక్ష్మీకాంతానికి ఈ వాసనల గొడవే లేదు. 2010 జనవరిలో ఆమెకి ఫ్లూ వచ్చి తగ్గింది గానీ, పోయిన వాసన తిరిగి రాలేదు. ఇంకొకరికైతే సరిపెట్టుకునే సంగతే. కానీ ప్రతి శనివారం గుడిలో పులిహోర చేసేది ఆమె. నైవేద్యం పెట్టక ముందు రుచి చూడకూడదు కదా, ఆమె పులుసు ఉడుకుతుంటే మూత తీసి, ఆవిరి పీల్చి ఉప్పు సంగతి చెప్పేసేది. ఫ్లూ తరవాతి శనివారం ఉప్పు వేశానో లేదోనని అనుమానపడి రెండుసార్లు వేసింది. భక్తులు ఎవరూ ఏమీ అనలేదు. కళ్ళకద్దుకుని ఒక ముద్ద తిని, నిండు ప్లేట్లు చెత్తడబ్బాలో వేశారు. అది ఆమె చూసింది. ఆ రోజే గరిటె, గుడి వంటలో సాయం చేసే రేణు చేతికిచ్చి వచ్చేసింది.

అప్పట్నుంచీ శనివారం వస్తే ఇంట్లో బట్టలు మడతపెడుతూ కూర్చునేది. ఆ గరిటె లేకపోతే తనెవరో తనకే తెలియనట్టుండేది.

"వస్తుందని డాక్టర్ అంటున్నాడుగా, కాంతం," అనేవారు ప్రసాద్.

"నా వంట దేవుడికే వద్దేమోనండీ," అనేది.

పులిహోర మానేశాక ఇంట్లో చింతపండు మిగిలిపోయింది. దీపావళికి రెండ్రోజుల ముందు దాన్ని నానబెట్టి దీపపు కుందులు తోముతోంది. నల్లబిళ్ళ కౌంటర్ మీద కనబడింది. జార్జ్‌కి పంపడానికి ఫోటో తీసి ప్రసాద్ అక్కడే మర్చిపోయారు. నాణేలు సేకరించేవాళ్ళకి పాత నాణెం తోమడాన్ని మించిన పాపం లేదు. లక్ష్మీకాంతానికేమో పండగపూట ఇత్తడి నల్లగా ఉంటే పాపం. చింతపండు, కాస్త ఉప్పు వేసి మెరిసేదాకా తోమి, కుందుల పక్కన ఆరబెట్టింది.

ప్రసాద్ ఆఫీసు నుంచి వచ్చి చూసి, బూట్లతోనే మెట్ల మీద కూలబడ్డారు.

"ఏం చేశావు కాంతం?"

"తోమాను. ఎంత బాగుందో చూడండి."

ఆయన పెరట్లోకి వెళ్ళి జార్జ్‌కి ఫోన్ చేశారు.

"బిళ్ళ తోమేశారు జార్జ్."

"దేనితో?"

"చింతపండుతో."

"అది తినేది కదా?" అన్నాడు జార్జ్. బేరం అక్కడితో ఆగిపోయింది.

లోపలికొచ్చేసరికి ఆరైంది.

"ఏవండీ, స్టవ్ మీద ఏం పెట్టారు? ఇంగువ మాడుతోంది," అంది లక్ష్మీకాంతం.

"నేనేం పెట్టలేదే," అంటూ స్టవ్ వైపు చూశారు. ఆరిపోయి ఉంది.

అదితి మెట్లు దిగుతూ, "మామ్, ఇంగువ స్మెల్ ఏంటి?" అంది. అని ఆగిపోయింది. "వెయిట్, నీకు వస్తుందా?"

లక్ష్మీకాంతం ముక్కు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. బిళ్ళని చేతిలోకి తీసుకుని గట్టిగా పీల్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ కొట్లో మనవాళ్ళెవరో ఇంగువ కొనుక్కున్నారు కాంతం," అన్నారు ప్రసాద్ మెల్లగా.

"ఒళ్ళు హూనమయ్యేలా చెరుకు నరికి, ఆ కూలి పెట్టి ఇంగువ కొందంటే, ఆ తల్లికి వంటంటే ఎంత ఇష్టమో," అంది. ఆ కొన్నది ఆడమనిషేనని ఆమెకి అనుమానం లేదు.

కాసేపటికి బెల్లప్పాకం తెలిసింది, తరవాత రమ్ము. ఆ వెనకే, ఆమె వాసన పోయాక ఇల్లు చేరిన ఎండుచేప తెలిసింది.

"ఇన్ని నెలలూ దీంతోనా నేను కాపురం చేసింది?" అంది. అదితి ఆల్బమ్ పట్టుకుని గరాజ్‌కి పరిగెత్తింది.

శనివారం ప్రసాద్ రాలీ వెళ్ళలేదు, ఆవిడని గుడికి తీసుకెళ్ళారు. బిళ్ళ ఆమె మంగళసూత్రాల పక్కన పిన్నీసుకి వేలాడుతోంది. వంటింట్లో రేణు పెద్ద గిన్నె ముందు దిగులుగా నిలబడి ఉంది. లక్ష్మీకాంతం మూత తీసి, కళ్ళు మూసుకుని ఆవిరి పీల్చింది.

"ఇంకో గుప్పెడు ఉప్పు పడాలి రేణూ."

"నువ్వే వెయ్యి అక్కా. నాకు శనివారం అంటేనే జ్వరం వస్తోంది," అంటూ రేణు గరిటె ఆమె చేతిలో పెట్టేసింది.

ప్రసాదం పంచడం అయ్యాక లక్ష్మీకాంతం గరిటెతోనే హాల్లోకి వచ్చింది. ఎవరి మొహాలూ చూడలేదు. తిన్నగా వెళ్ళి చెత్తడబ్బాలోకి తొంగి చూసింది. ప్లేట్లన్నీ ఖాళీ. ఒక్క కరివేపాకు రెబ్బలే మిగిలాయి.