పావంగుళం వదులు

సాయంత్రం ఆరు కొట్టిందంటే దర్జీ కొట్లో మిషన్లు ఆగిపోవాలి, ఈజిప్టు మొదలవ్వాలి. పదకొండేళ్ళుగా ఇదే వరస. రిటైరైన లెక్కల మాస్టారు చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కత్తిరింపు బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంటారు. దర్జీ కత్తెర పక్కన పెట్టి ఎదురు స్టూలు లాక్కుంటాడు. ఇక చూస్కోండి! వేల ఏళ్ళ కింద ఎవరో పేర్చి పోయిన రాళ్ళ కోసం ఈ ఇద్దరు ముసలాళ్ళు గొంతులు చించుకుంటారు. వీధి వీధంతా ఆయన్ని పిరమిడ్ మాస్టారనే పిలుస్తుంది. ఆయన వినీ విననట్టు పోతారు.

మాస్టారి వాదన ఒక్కటే. పెద్ద పిరమిడ్ చుట్టుకొలతని ఎత్తుతో భాగిస్తే, ఇరవై రెండు బై ఏడుకి సరిగ్గా రెట్టింపు వస్తుంది. అంటే కట్టినవాళ్ళకి వృత్తం లెక్క తెలుసు.

"తెలియక్కర్లేదు మాస్టారూ," అంటాడు దర్జీ. పరికిణీలకి వాలు కత్తిరించీ కత్తిరించీ చేతులు అరిగినవాడు. "ఏడు బెత్తెళ్ళు పైకి లేస్తే అయిదున్నర బెత్తెళ్ళు లోపలికి జరగమని మేస్త్రి చెప్పుంటాడు. అంతే. ఆ వాలు పెట్టాక రెండు వైపులా కలిపి ఒక్కో భుజం పదకొండు, చుట్టూ నలభై నాలుగు, ఎత్తు ఏడు. మీ లెక్క దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నేను కత్తిరించే పరికిణీలో కూడా ఏదో ఒక లెక్క ఉంటుంది, నాకు తెలుసా ఏంటి?"

"మరి అయిదున్నరే ఎందుకయ్యా? ఆరెందుకు కాకూడదు?"

ఇక్కడ దర్జీ టీ తెప్పిస్తాడు. జవాబు లేనప్పుడల్లా తెప్పిస్తాడు. మాస్టారికి ఆ సంగతి తెలుసు కాబట్టి టీ తాగేటప్పుడు కాస్త నవ్వుతారు.

ఆరేళ్ళ కింద మాస్టారు ఒక పెద్ద అచ్చు బొమ్మ సంపాదించారు. పిరమిడ్‌ని నిలువునా కోస్తే లోపలి దారులన్నీ ఎలా కనిపిస్తాయో గీసిన బొమ్మ. విప్పితే కత్తిరింపు బల్ల నిండిపోయింది. మాస్టారి కళ్ళకి మసక, టేపు మీద గీతలు ఆనవు. అందుకని లోపలి దారుల పదిహేడు ముక్కలూ దర్జీయే కొలిచాడు. అతను టేపు పట్టి పాడినట్టు చెప్పడం, ఆయన భూతద్దం పెట్టుకుని పెన్సిల్‌తో బొమ్మ మీదే రాసుకోవడం. అన్నీ కలిపితే నూట పది అంగుళాలు. ఎత్తు ముప్పయి అయిదు అంగుళాలని బొమ్మ కిందే అచ్చులో ఉంది. భాగించారు. ఇరవై రెండు బై ఏడు, వెంట్రుకవాసి తేడా లేదు.

"బయట వాలు వల్ల వచ్చిందన్నావ్. లోపల ఏ వాలు వల్ల వచ్చిందిరా నాయనా?" అని మాస్టారు బల్ల గుద్దారు. దర్జీ టీ తెప్పించాడు. ఆ రోజు నుంచీ మాస్టారు పుస్తకం రాస్తూనే ఉన్నారు. మూడొందల పేజీలు. రేపు పొద్దున పదింటికి ప్రెస్సువాడు వచ్చి కట్ట పట్టుకెళ్తాడు. బొమ్మ నలగకుండా పోవాలని ఒక గుడ్డ తొడుగు కుట్టమని దర్జీకి పంపారు.

దర్జీ కోడలు రెండేళ్ళుగా కొట్లో కటింగ్ నేర్చుకుంటోంది. తొడుగు కోసం ఆ మధ్యాహ్నం బొమ్మ పరిచి టేపు పట్టింది. ఊరికే సరదాకి ఒక దారి మీద కూడా పెట్టి చూసింది.

"మావయ్యా, ఇక్కడ తొమ్మిదిన్నర అని రాసుంది. తొమ్మిదీ పావే ఉందే."

"సరిగ్గా పట్టుకో అమ్మా."

"పట్టుకున్నా. పక్కదీ పావు తక్కువే. దాని పక్కదీ అంతే." ఆ పిల్ల పకపకా నవ్వింది. "మీరు వదులు కలిపి చెప్పినట్టున్నారు మావయ్యా! నడుం ముప్పయి అయితే ముప్పయీ పావు అని అరుస్తారుగా!"

దర్జీ కత్తెర కింద పెట్టేశాడు. ఒళ్ళు కొలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పడం అతని చేతిలో లేదు. నలభై ఏళ్ళుగా కన్ను ఒకటి చూస్తుంది, నోరు పావంగుళం కలిపి చెప్తుంది. మధ్యలో బుర్రకి పని లేదు. ఆ నోటితోనే ఈజిప్టు రాజుకి కూడా చొక్కా కొలత తీసేశాడు. పదిహేడు పావులు, నాలుగూ పావు అంగుళాలు.

ఇన్నేళ్ళ వాదనలో గెలిచాడు. చెప్పకపోతే పుస్తకం అచ్చవుతుంది, స్కేలు ఉన్న ఏ చిన్నపిల్లయినా మాస్టారిని నవ్వులపాలు చేస్తుంది. చెప్తే ఆరింటికి ఆ కర్ర చప్పుడు ఇక వినపడదు. భార్య పోయాక ఆ చప్పుడు కోసమే తను పొద్దున్నే కొట్టు తీస్తున్నాడు. ఇంత మాట ఎవరితోనూ అనలేదు, అనడు కూడా. ఆ సాయంత్రం మాస్టారు ముందుమాట దిద్దుకునే పనిలో పడి రాలేదు, అది కాస్త మేలైంది.

పొద్దున ఎనిమిదింటికి బొమ్మ చంకన పెట్టుకుని మాస్టారింటికి వెళ్ళాడు. బల్ల మీద కట్ట, దానికి పురికొస. దర్జీ నిలబడే అంతా చెప్పేశాడు.

మాస్టారి మొహం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది.

"వాదనలో గెలవలేక కావాలనే తప్పు చెప్పావా?"

"అయ్యో, నా తల్లి తోడు మాస్టారూ!"

"అయితే ఇప్పుడు కొలువు. నా ముందు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

దర్జీ బొమ్మ పరిచి మొదటి దారి మీద టేపు పెట్టాడు. తొమ్మిదీ పావు, తొమ్మిదీ పావు అని లోపల అనుకుంటూనే ఉన్నాడు.

"తొమ్మిదిన్నర," అంది నోరు.

మాస్టారు భూతద్దం తీసి, టేపు మీదికి ముక్కు ఆనేంత వంగి, చాలాసేపు చూశారు. లేచి దర్జీ మొహంలోకి చూశారు. దర్జీ అరచేత్తో నోరు మూసుకుని ఉన్నాడు.

"రెండోది చెప్పు," అన్నారు ఆయన మెల్లిగా.

దర్జీ చెప్తూ పోయాడు, మాస్టారు ప్రతిసారీ "పావు తీసెయ్" అనుకుంటూ రాసుకుంటూ పోయారు. పదిహేడూ అయ్యాయి. నూట అయిదూ ముప్పావు. ముప్పయి అయిదుతో భాగించారు. మూడు పాయింట్ సున్నా రెండు. అది దేనికీ పనికొచ్చే అంకె కాదు.

మాస్టారు పురికొస విప్పి, కట్టలోంచి లోపలి దారుల గురించి రాసిన కాగితాలు పిడికెడు మందాన తీసి దర్జీ ముందుకి తోశారు. "వెనక వైపు ఖాళీయే. చొక్కాల నమూనాలు గీసుకో," అన్నారు. ప్రెస్సువాడికి ఫోన్ చేసి రావద్దన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. దర్జీ కాగితాలు తీసుకుని వచ్చేశాడు.

సాయంత్రం అయిదున్నరకే రెండు స్టూళ్ళూ వేశాడు. ఆరు కొట్టింది. మిషన్ ఆపాడు. వీధిలో ఎవరెవరో నడిచిపోయారు. ఆరుంబావు అయింది. "లోపల పెట్టేయనా మావయ్యా?" అంది కోడలు రెండో స్టూలు చూపించి. వద్దని చెయ్యూపాడు.

ఆరున్నర దాటాక కర్ర చప్పుడైంది. మాస్టారు గుమ్మంలో ఆగి ఊపిరి తీసుకుని, లోపలికి వచ్చి, స్టూలు మీద కూర్చున్నారు. కాగితాలు బల్ల మీద అలాగే ఉన్నాయి, ఒక్కదాని మీద కూడా గీత పడలేదు. మాస్టారు వాటిని చూశారు.

"ఏమయ్యా," అన్నారు చివరికి, "అయిదున్నరే ఎందుకు? ఆరెందుకు కాకూడదు?"

దర్జీ టీ తెప్పించలేదు. కళ్ళు తుడుచుకుని స్టూలు ముందుకి లాక్కున్నాడు.

"నాకు తెలీదు మాస్టారూ," అన్నాడు.