కట్టు విప్పి చూసే మనిషి

రామాంజనేయులుకి షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. మోకాళ్ళ కింద కాళ్ళు రెండూ మొద్దుబారిపోయిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు మిరప నాట్లప్పుడు ఒకరోజు మోటారుసైకిలు చేనుగట్టు మీద ఆపి, కాగిపోతున్న సైలెన్సరుకి కుడి పిక్క ఆనించి, అలాగే నిలబడి పక్క చేను సుభానీతో కాలవ నీళ్ళ గురించి పోట్లాడాడు. కాలుతున్నట్టు తెలియనే లేదు. ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు తెచ్చిన భార్య వెంకటరావమ్మ చూసింది. పిక్క వెనక తోలు ఊడి వేలాడుతోంది.

"ఇంత కాలితే తెలియలేదా?" అంది.

"తెలిస్తే అక్కడే నిలబడతానంటే? ఏదో ఒకటి రాయి."

రాసింది. ఊళ్ళో వైద్యం చేసే మార్కు సూదులు వేశాడు, పొడి చల్లాడు. బొబ్బ పుండైంది. పైరు పూతకొచ్చేసరికి పుండు అరచెయ్యంతైంది. చివరికి మార్కే చేతులెత్తేసి, గుంటూరు తీసుకెళ్ళమన్నాడు.

బ్రాడీపేటలో డాక్టరు శివరామకృష్ణ కాలు తిప్పి చూశాడు. పాదం మీద నాడి కోసం వేళ్ళతో వెతికాడు.

"కాలికి రక్తం సరిగ్గా పోవటం లేదండి. ఆస్పత్రిలో చేరితే మూసుకున్న రక్తనాళం తెరిచి, చెడిన కండ తీసేసి, తొడ తోలు తెచ్చి అతుకుతాం. అదే మంచిది."

"కత్తి మాత్రం పెట్టనివ్వను," అన్నాడు రామాంజనేయులు.

"కాలు తీసేస్తామనటం లేదు. కాలు ఉండాలనే చెబుతున్నాను."

"కట్లు కడితే మానదా?"

డాక్టరు కాస్త ఆలోచించాడు. "మానొచ్చు, మానకపోవచ్చు. చుట్ట మానెయ్యాలి, కాలు కింద పెట్టకూడదు, షుగరు దింపాలి. రోజూ శుభ్రంగా కట్టు మార్చాలి. అలా కొన్నాళ్ళు చూద్దామంటే చూద్దాం. తేడా వస్తే మాత్రం ఆపరేషనే."

"మా ఆడది కడుతుంది. దానికింకేం పని?"

డాక్టరు అప్పుడు వెంకటరావమ్మ వైపు తిరిగాడు. పుండు ఎర్రగా ఉంటే మంచిదనీ, ఎక్కడన్నా నల్లబడినా, చెడు వాసన వచ్చినా ఒక్క పూట కూడా ఆగొద్దనీ చెప్పాడు. "పుండు ఆయనకి వెనకవైపు ఉంది. నొప్పా తెలియదు. ఆయన కళ్ళు మీరేనమ్మా," అన్నాడు.

ఆ మాట నిజం. రామాంజనేయులుది పెద్ద పొట్ట, బిగుసుకుపోయిన మోకాళ్ళు. పిక్క తిప్పి చూసుకోలేడు. చూడగలిగినా చూడడు. కూలీల మీద చెయ్యి చేసుకోవటానికి జంకని మనిషి, తన పుండుకంటిన గుడ్డ కనపడితే మొహం పక్కకి తిప్పుకునేవాడు. మంచం మీద బోర్లా పడుకుని, గోడవైపు చూస్తూ, ఆమె కట్టు విప్పినప్పుడల్లా అడిగేవాడు.

"ఎట్టా ఉందే?"

మొదట్లో ఆమె ఉన్నదున్నట్టే చెప్పేది. చేతులు సబ్బుతో కడుక్కుని, సెలైనుతో పుండు కడిగి, అంచులు దూదితో అద్ది, బిడ్డకి స్నానం చేయించినంత ఒద్దికగా కట్టు కట్టేది. చుట్టలు దాచేసింది. ఆయన గిన్నె విసిరినా తీసి మళ్ళీ కడిగి పెట్టుకుంది. పుండు అడుగున దానిమ్మ గింజల్లా కండ లేచింది. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో పనిచేసే కూతురు తేజశ్రీ ఫోటో పంపమంటే ఫోనులో తీసి పంపింది. "బాగా తగ్గిందమ్మా, నీ చేతి చలవ," అంది కూతురు. ఆ మాటకి ఆ రోజంతా వెంకటరావమ్మ నడుం నొప్పి మర్చిపోయి తిరిగింది.

కాయ పండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సుభానీ పరామర్శకి వచ్చాడు. తగువు తగువే, పలకరింపు పలకరింపే. వెంకటరావమ్మ టీ పెట్టి తెస్తుంటే మాటలు వినపడ్డాయి.

"ఆపరేషను చేయించుకుంటే ఈపాటికి లేచి తిరిగేవాడివిగా బావా?" అంటున్నాడు సుభానీ.

రామాంజనేయులు నవ్వాడు. "కత్తి పడ్డ ఒళ్ళు మళ్ళీ ఒళ్ళవుతుందంటావా? మా ఆడదాన్నే చూడు. తేజ పుట్టాక నెత్తురు పోవటం ఆగక మంచాన పడితే టౌనుకి తీసుకెళ్ళా. ఆ డాక్టరమ్మ, చిన్న వయసు, మందులు వాడితే తగ్గుద్ది, ఇంకో బిడ్డ కూడా పుట్టుద్ది అంది. కోతల రోజులు. మాటిమాటికీ దీన్ని ఎవడు తిప్పుతాడు? గర్భసంచి తీసి పారెయ్యండన్నా. ఒక్కసారితో పీడా పోయింది. కానీ ఆనాటి నుంచి దానికి నడుం నిలిస్తే ఒట్టు. అది చూసి కూడా నేను కోయించుకుంటానా? పిచ్చోణ్ణా?"

గుమ్మంలో ఆమె నిలబడి ఉండటం సుభానీ చూశాడు.

వెంకటరావమ్మ టీ గ్లాసులు ఇద్దరికీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. తియ్యకపోతే ప్రాణం పోతుందని డాక్టరమ్మ చెప్పిందనే ఆమెకి ఇన్నాళ్ళూ తెలుసు. అప్పుడు ఆమెకి ఇరవై రెండేళ్ళు కూడా లేవు. మగబిడ్డ కావాలని అత్త సాధించినప్పుడు, గొడ్డుదని తోడికోడలు ఎత్తిపొడిచినప్పుడు, ఈయన కూడా పక్కనే ఉండి వింటూ అన్నం తిన్నాడు. తన రాత ఇంతేనని ఆమె తనకి తానే చెప్పుకుంది. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఏడవాలని చూసింది. ఏడుపు రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పుండు అంచున కందిగింజంత నల్లటి మచ్చ కనపడింది. ఆమె దాన్ని దూదితో తుడిచింది. పోలేదు.

"ఎట్టా ఉందే?" అన్నాడు గోడవైపు చూస్తూ.

వెంకటరావమ్మ ఆ మచ్చ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏందే, చెవుడా?"

"ఎర్రగా ఉంది," అంది. "కండ పడుతోంది."

చెప్పి గబగబా కట్టు చుట్టేసింది. రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడు కూడా అదే మాట వచ్చింది, ఈసారి తేలిగ్గా. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజున, కాయ కోతకి కూలీలు దిగారు, నేను కదిలితే ఎట్టా అంది. అతనికీ కావలసింది అదే. తగ్గుతోంటే మళ్ళీ ఆ ఆస్పత్రికెందుకన్నాడు. కర్ర పట్టుకుని చేలోకి నడుస్తానంటే ఆమె అడ్డు చెప్పలేదు. మార్కు వచ్చి, ఒకసారి చూస్తానక్కా అంటే, ఇప్పుడే కట్టాను, విప్పితే దుమ్ము పడుద్దని పంపేసింది. వాసన మొదలయ్యాక, దాచిన చుట్టలు తనే తీసి అగ్గిపెట్టెతో సహా మంచం మీద పెట్టింది. అతను ఆశ్చర్యంగా చూసి, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నాడు. కట్టు మార్చినంతసేపూ పొగ వదులుతూ ఉండేవాడు. అయినా ఒకరోజు ముక్కు ఎగబీల్చాడు.

"ఏందే ఈ కంపు?"

"కొత్త మందు."

తేజశ్రీ ఫోటో అడిగితే, ఎప్పుడో తీసిన ఎర్రటి పుండు ఫోటోనే మళ్ళీ పంపింది.

అన్నం తినబుద్ధి కావటం లేదని, చలిగా ఉందని అతను రెండు దుప్పట్లు కప్పుకున్న రోజున, చెప్పకుండానే తేజశ్రీ బస్సు దిగి వచ్చింది. గుమ్మం దగ్గరే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తండ్రిని పిలిస్తే ఏవో పొంతన లేని మాటలు చెప్పాడు. ఆమె కూర్చుని కట్టు విప్పింది. మడమ నుంచి మోకాలి దాకా కాలు ఉబ్బి, వెనకంతా బొగ్గులా ఉంది.

తేజశ్రీ అరవలేదు. తల్లి వైపు తిరిగి, "పొద్దున కట్టు ఎవరు కట్టారు?" అంది.

"నేనే."

"మొన్న పంపిన ఫోటో ఎప్పటిది?"

వెంకటరావమ్మ వంగి, విప్పిన గుడ్డలు ఏరసాగింది. తేజశ్రీ ఫోను తీసి అంబులెన్సుకి చేసింది.

గుంటూరులో శివరామకృష్ణ కాలు చూసి, తొడ దగ్గరికి తీసెయ్యాలి, ఆలస్యమైతే మనిషి దక్కడు అన్నాడు. "అంత చెప్పానే, మీకు కనపడలేదామ్మా?" అని విసుక్కున్నాడు. చదువులేని మనిషి, ఏం తెలుస్తుందిలే అన్నట్టు తనే సర్దుకున్నాడు. సరేనని కూతురే ఒప్పుకుంది.

రామాంజనేయులు బతికాడు. తెలివొచ్చాక దుప్పటి కింద తడుముకుని, చెయ్యి అక్కడే ఉంచేసి, పక్కనున్న పేషెంటు కూడా లేచి కూర్చునేలా ఏడ్చాడు. ఆ ఏడుపు వినాలనే అన్నాళ్ళూ అబద్ధం చెప్పానని వెంకటరావమ్మకి అప్పుడు అర్థమైంది. విన్నది. తనకేమీ తిరిగి రాలేదని కూడా అర్థమైంది.

డిశ్చార్జి రోజున తేజశ్రీ తల్లిని వరండాలోకి పిలిచింది.

"నాన్నకి నేను చెప్పను. చెబితే నీ చేతి అన్నం తినడు. నువ్వు తప్ప ఆయనకి ఇంకో దిక్కు లేదు."

"తేజా, ఆయన నాకేం చేశాడో నీకు తెలుసా?"

"నాకు తెలియాల్సిన పని లేదమ్మా. రోజూ ఆ పుండు కడుగుతూనే నాకు పాత ఫోటో పంపావు." ఆ తర్వాత తేజశ్రీ ఫోను చేస్తే సుభానీ ఇంటికే చేసి, నాన్న ఎలా ఉన్నాడని అడిగేది.

ఆ ఏడాది చివరి కోత కాయ పెరట్లో పరిచిన టార్పాలిన్ పట్టాల మీద ఎండుతోంది. చూడవచ్చిన వాళ్ళతో రామాంజనేయులు, నా పెళ్ళాం లేకపోతే నేనెప్పుడో పోయేవాణ్ణి అని చెబుతున్నాడు. ఆమెని ఇప్పుడు ఒసేయ్ అనడు, పేరు పెట్టి పిలుస్తాడు. ఒక సాయంత్రం లోపల్నుంచి పిలిచాడు.

"వెంకటరావమ్మా, బయటికి పోవాలి. కాస్త పట్టుకో."

"వస్తున్నా," అంది ఆమె.

కాళ్ళతో కాయ తిరగేస్తూ పట్టా ఆ చివరకి నడిచింది. లోపల మంచం కిర్రుమంది. రెండోసారి పిలిచాడు, ఈసారి బతిమాలుతున్నట్టు. ఇంకో పట్టా మిగిలి ఉంది. ఆమె దాని మీదికి వెళ్ళింది. కాసేపటికి పిలవటం ఆగిపోయింది. లోపల అతను చిన్నగా మూలుగుతున్నాడు, పక్కబట్టలు పాడైనట్టున్నాయి. వెంకటరావమ్మ ఆ పట్టా కూడా పూర్తిగా తిరగేసి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు లోపలికి వెళ్ళింది.