మూతి కుట్టని బస్తాలు

ఖాదర్‌వలి అరచేతులు ఎర్రగా ఉన్నాయి. అరబ్బు దేశపు రేవు రైసూత్‌లో వానతుంపర తగ్గి పడవలు మళ్లీ కదిలే రోజులవి. ధాన్యం కంపెనీ మేనేజరు ఇంట్లో వంటచేసే తల్లి జైనబీని చూడటానికి వెనక గుమ్మానికి వచ్చాడు. కడప నుంచి ముందు ఆమె వచ్చి, తర్వాత కొడుకును అదే కంపెనీ గోదాములో పెట్టించుకుంది. ఆ చేతులు పట్టుకుని ఆమె తిప్పి చూసింది. తనకు చెప్పకుండా నిఖా చేసుకున్నాడా?

"గోరింటాకు కాదుమా. మొక్కజొన్న కడుగుతాండాం."

పురుగు పట్టకుండా ఎర్రమందు పట్టించిన విత్తనాలవి. రంగు పోయేదాకా కడిగి, ఎండబోసి, కొత్త బస్తాల్లో కుట్టి, తినడానికని ఆఫ్రికాకు పంపుతున్నారట. రంగు పోతే విషం పోయినట్టేనని మేనేజరు చెప్పాడట. గోదాము గింజలు ఆయన కోళ్లకు తేవడం వాడుక. ఆ రోజు కొడుకు తెచ్చిన కడిగిన గింజలే జైనబీ చల్లింది. సాయంత్రానికి కోళ్లన్నీ చచ్చాయి.

ఆ కడుగు నీళ్లు ఎటు పోతున్నాయో, ఆమెకిక కుళాయి నీళ్ల మీదా అనుమానమే.

కొడుక్కి అన్నం ఇచ్చే సాకుతో కూలీల క్యాంపుకు పరిగెత్తింది. అక్కడ మీటింగు జరుగుతోంది. ఆఫ్రికా పడవ సరంగు ఖమీసీ వచ్చీరాని హిందీలో చెబుతున్నాడు. తమ దేశంలో ఒకప్పుడు సర్కారే ధాన్యం కొని, పరీక్షించి, చవగ్గా అమ్మేదట. సర్కారుకు అప్పులిచ్చినవాళ్లు ఆ కొనుగోళ్లూ పరీక్షలూ ఆపించి, అంతా బజారుకు వదిలేయమన్నారట. ఇప్పుడు షావుకారు పెట్టిందే ధర, చూసేవాడే లేడు. ఈ మొక్కజొన్న పిండి కొనేవాళ్లలో తన తల్లీ ఉందన్నాడు. రేపట్నుంచి బస్తాలు కుట్టొద్దని ఖాదర్‌వలి అందరితో అన్నాడు.

"మనకెందుకురా? జైల్లో ఏస్తారు," అంది జైనబీ.

"మన రేషన్ షాపుకే ఇది వస్తే, మా? కడిగే చేతులు మనవే గదా."



తెల్లారి ఎవరూ దబ్బనం పట్టలేదు. మూతి కుట్టని బస్తాను క్రేను ఎత్తలేదు. పోలీసు జీపు వచ్చి ముందుగా ఖాదర్‌వలిని ఎక్కించుకుని అక్కడే ఆగింది. మేనేజరు చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను రేవుకు పోగుచేసి కుట్టమన్నాడు. జైనబీకి దబ్బనం తనే అందించి, కుడితే కొడుకును వదిలిస్తానని మెత్తగా చెప్పాడు.

ఆమె దబ్బనం తీసుకుంది. దారం ఎక్కించింది కూడా. విషం పోయిందన్నవాడూ వీడే. కొడుకును మాత్రం వదులుతాడా?

"ముందు మీరు గుప్పెడు నమలండి సార్. అప్పుడు కుడతా."

మేనేజరు వెనక్కి అడుగేశాడు. జైనబీ బస్తాను బోర్లా తోసింది. పక్కింటి పనిమనిషి మల్లీశ్వరి తన ముందున్నదీ తోసింది. ఖమీసీ ఎవరూ ఎక్కకుండా, రేవు నుంచి పడవ మీదికి వేసిన చెక్కపలక లాగేసుకున్నాడు.

దబ్బనం కొంగుకు గుచ్చుకుని జైనబీ జీపు దగ్గరికి నడిచింది. తననూ ఎక్కించుకోమంది. వెనకే ఆడవాళ్లు, వాళ్ల వెనక ఎర్రచేతుల క్యాంపంతా వచ్చి నిలబడింది.

జీపులో అంత చోటు లేదు.