అప్పన్న చెంచా

నేను ఒక వెండి చెంచాను. వయసు అడిగితే సిగ్గుపడను, వీపు తిప్పి చూపిస్తాను. ఇంగ్లండులో నన్ను చేసిన కంసాలి ఆ వీపు మీద వరసగా నాలుగు ముద్రలు వేయించాడు: నడిచే సింహం, ఒక కిరీటం, ఏడాదికి గుర్తుగా ఒక అక్షరం, తన పేరులోని రెండు పొడి అక్షరాలు. పిడిని ఫిడేలు ఆకారంలో సాగదీసి, అంచు వెంబడి దారంలాంటి గీత లాగి, కొసన సముద్రపు చిప్ప చెక్కాడు. ఇంత సింగారించి నన్ను పంపింది ఎక్కడికనుకున్నారు? మాంసం పులుసులోకి.

వాల్తేరులో ఒక దొరగారి బల్ల మీద ఆ పులుసులోనే ఏళ్ల తరబడి మునిగి తేలాను. దొరసాని ఓడెక్కుతూ వంటమనిషి అప్పలస్వామికి నన్ను బహుమానంగా ఇచ్చింది. అతను ఇంటికి తెచ్చి వెనక్కి తిప్పాడు, సింహాన్ని చూశాడు, టపటపా చెంపలేసుకున్నాడు. సింహాచలం కొండ కనబడే చోట సింహమంటే అప్పన్నస్వామి కాక ఇంకెవరు? చిప్ప శంఖమైంది. దారం గీత జంధ్యమైంది. పులుసు వాసన పూర్తిగా పోకముందే నేను తీర్థం పోసే ఉద్ధరిణినైపోయాను. నాకు నవ్వాగలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా కలిగింది.

అప్పలస్వామి మనవడి భార్య పైడమ్మ చేతికి వచ్చేసరికి నా పేరు పేటంతా పాకింది. పరీక్షలకెళ్లే పిల్లలు, కొత్త లారీ కొన్నవాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు మా గుమ్మంలో దోసిళ్లు పట్టేవారు. పాసైతే నా మహిమ, తప్పితే వాళ్ల చదువు.

పైడమ్మ కోడలు వరాలుకి మాత్రం నా మీద గురి లేదు. ఆమె కూతురు నూకరత్నానికి నెలలు నిండాయి. నన్ను కరిగించి, పుట్టబోయే బిడ్డ చేతులకి మురుగులు చేయించాలని వరాలు పట్టు.

"అప్పన్నదైతే ఉంచుదుము అత్తా, దొరలదైతే కరిగించీద్దుము. తెలిసినోలనే అడుగుదుము" అంది.

పైడమ్మ ధీమాగా ఒప్పుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

నూకరత్నాన్ని ఆసుపత్రిలో చేర్చాల్సిన ఉదయమే, వరాలు కబురంపగా, మ్యూజియంలో పాత వెండి సామాను చూసే మంజులత వచ్చింది. భూతద్దం పెట్టి నన్ను తిరగేసింది.

"ఇది ఇంగ్లండు చెంచా మామ్మగారూ. ఫిడేలు, దారం, చిప్ప అని ఈ నమూనాకి పేరు. సింహమంటే వెండి పరీక్షకు నిలిచిందని గుర్తు. పులుసు తాగడానికి చేశారు."

"ఏటి పులుసు తల్లీ?"

మంజులత నేలచూపులు చూసింది. "మాంసం పులుసండి."

పైడమ్మ ముఖం వాడిపోయింది. ఇన్నేళ్లూ ఇందరి చేతుల్లో తాను పోసింది ఏమిటి? ఆమెను చూసి నాకు ఏడుపొచ్చింది. వరాలు నన్ను రుమాలులో చుట్టింది. కూతుర్ని ఆసుపత్రిలో దింపి, అటునుంచి అటే కంసాలి దగ్గరికి వెళ్లాలని ఆమె ఆలోచన. ఆటో వచ్చి ఆగింది. నూకరత్నం గడప దాటబోయి, నడుం పట్టుకుని "అమ్మా" అని మూలిగింది.

వరాలు నిలబడిపోయింది. గబగబా రుమాలు విప్పి, నన్ను అత్తగారి చేతిలో పెట్టి, కూతురి చెయ్యి ముందుకు లాగింది.

"బేగి తీర్తం పొయ్యత్తా."

"ఇది దొరల గరిటంట గదే?"

"ఎవులిదైతే ఏటి? పరీచ్చకి నిలిచిందని ఆ యమ్మే సెప్పింది గదా. ముందు పిల్లకి పొయ్యి, తరవాత నాకూ పొయ్యి."

పైడమ్మ నన్ను తీర్థం గిన్నెలో ముంచి వంచింది. నేనేమిటో తెలిసి కూడా చాచిన చేతుల్లో తీర్థం పోయడం నాకు అదే మొదటిసారి.