తూటాకు ముందు స్తోత్రం

పొట్టివాళ్ళకి పొట్టి తుపాకీ చాలనుకునే మగవాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు. యాంకరేజ్ ఊళ్ళో తుపాకుల కొట్టువాడు నా ఎత్తు చూసి, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టే చిన్న రివాల్వర్ ఒకటి ముందుకు జరిపాడు. మా ఆయన ప్రేమానందం దాన్ని చేత్తో ఎత్తి చూశారు.

"తేలిగ్గా ఉంది విమలా, ఇదే తీసుకో."

"తేలికది చేతిని ఎక్కువ తంతుందండీ. బరువున్నదైతే ఆ దెబ్బ సగం అదే మింగుతుంది. అయినా నేను కాల్చాల్సింది దొంగని కాదు, ఎలుగుబంటిని" అని, అద్దాల బల్ల కింద ఉన్న పెద్ద ఫార్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్ తీయించాను. నర్సాపురంలో రోకలి పట్టిన చేతులివి, బరువనిపించలేదు.

"పిట్ట కొంచెం, కూత ఘనం" అని నవ్వారాయన.

అది 1982 వసంతం. నేను ఒక గనుల కంపెనీలో జియాలజిస్టుని. చలికాలమంతా మ్యాపులూ రాళ్ళ నమూనాలూ ముందేసుకుని, ఒక లోయలో రాగి ఉందని తేల్చింది నేనే. జూన్‌లో అక్కడికి వెళ్ళేది మాత్రం రివాల్వర్ పరీక్ష పాసైనవాళ్ళే. ఎలుగుబంట్లున్న చోటు కనక ఆఫీసు పెట్టిన రూలది. ఫెయిలైతే నా లోయకి ఇంకెవరో వెళ్తారు, వాళ్ళు పంపిన రాళ్ళకి నేను ఆఫీసులో కూర్చుని చీటీలు అంటించాలి. తలచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

వాల్ట్ అనే రిటైరైన ఫారెస్ట్ రేంజర్ మా ఆఫీసువాళ్ళకి కాల్చడం నేర్పాడు. మొదట మందు తక్కువున్న తూటాలు, తర్వాత అసలువి. రెండు చేతులతో పట్టుకోమన్నాడు, ట్రిగ్గర్ని లాగకుండా మెల్లగా నొక్కమన్నాడు. అన్నీ చెప్పినట్టే చేశాను. ఒక్క తూటా కూడా గురికోసం నిలబెట్టిన అట్ట ఎలుగుబంటిని తాకితే ఒట్టు.

"నువ్వు భయపడుతున్నావు" అన్నాడు వాల్ట్.

"నాకు భయం లేదు."

"అందరూ అదే అంటారు."

నా మాట నమ్మక, నాకు తెలియకుండా తూటాల మధ్య ఒక కాల్చేసిన ఖాళీ తూటా పెట్టి ఇచ్చాడు. భయపడేవాళ్ళ చెయ్యి, తూటా పేలకపోయినా అదురుతుందట. తుపాకీ టక్కుమంది. నా చెయ్యి కదల్లేదు. వాల్ట్ గడ్డం గోక్కున్నాడు. నేను మళ్ళీ గురి చూస్తుంటే, నాకు తోడుగా వచ్చి వెనక నిలబడ్డ మా ఆయన్ని ఏదో అడగబోయి అటు తిరిగాడు. ఆయన తలవంచి, కళ్ళు మూసుకుని ఉన్నారు. వాల్ట్ చటుక్కున నా మొహం చూశాడు. నా కళ్ళూ మూసే ఉన్నాయి.

"ఆపు" అన్నాడు. "ఇద్దరూ నిద్రపోతున్నారా?"

అది మా అమ్మ జ్ఞానమ్మ నేర్పిన అలవాటు. ఏ పని మొదలుపెట్టినా "స్తోత్రం ప్రభువా" అనుకోవాలి, స్తోత్రం అంటే కళ్ళు మూయాలి. అన్నం ముందు, కారు స్టార్ట్ చేసే ముందు, ఆఖరికి ట్రిగ్గర్ నొక్కే ముందు కూడా నా రెప్పలు వాటంతటవే వాలేవి. నా తల కాస్త వంగగానే వెనక ఆయనా వంచేవారు. పెళ్ళయినప్పటి నుంచీ ఏ ప్రార్థనైనా ఇద్దరం కలిసే చేస్తాం మరి.

ఆ రోజే కళ్ళు తెరిచి కాల్చాను. గురి కుదిరింది. కానీ అమ్మ చెయ్యి వదిలించుకుని రోడ్డు దాటినట్టు దిగులేసింది. ఇంటికొస్తూ కార్‌లో ఆ మాటే చెప్పాను.

"దానికేముంది విమలా. కాల్చడం నువ్వు చూసుకో, ప్రార్థన నేను చూసుకుంటా. మనింటి ప్రార్థనేగా, ఎవరు చేస్తే ఏం" అన్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది.

పరీక్షకి మా బాసు కూడా వచ్చాడు. తాడు పట్టి లాగితే అట్ట ఎలుగుబంటి చక్రాల మీద మనమీదికే దూసుకొస్తుంది. అది తెల్లగీత దాటేలోపు కాల్చాలి, తూటాల్లో సగానికి మించి దాని గుండెల్లో తగలాలి. నేను రెప్ప వెయ్యలేదు. గీత ఇంకా దూరంగా ఉండగానే రివాల్వర్ ఖాళీ అయింది.

బాసు అట్ట దగ్గరికెళ్ళి కన్నాల్లో వేలు పెట్టి చూశాడు. ఒక్కటే గురి తప్పింది.

"జూన్‌లో నీ లోయకి నువ్వే వెళ్తున్నావు" అన్నాడు.

వెనక్కి తిరిగాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. చెవులకి పెట్టుకున్న మూతలతో ఏమీ వినపడక, ప్రేమానందం మాత్రం ఇంకా తలవంచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నారు. దగ్గరికెళ్ళి ఒక చెవి మూత పక్కకి లాగాను.

"ఇక ఆమేన్ చెప్పండి" అన్నాను. "ఇంటికెళ్ళి నా సామాను సర్దాలి."